కొండ మీద లోడరు ట్రాక్టరు: ధర చూడాలా, పని చూడాలా?

యాభై వేల తగ్గింపు రెండు రోజుల నిలుపుదలకు చాలదు

అరకులోయ: ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గి 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి రావడంతో, ముందు బకెట్టు అమర్చిన లోడరు ట్రాక్టరు కొండ మీది వర్తకులు కూడా ఒకసారి లెక్క వేసుకోదగిన వస్తువు అయింది. పన్ను కలపక ముందు 7 లక్షల రూపాయలున్న ట్రాక్టరుపై పూర్వం 84,000 రూపాయల పన్ను పడేది. ఇప్పుడు 35,000 పడుతుంది. కొనుగోలుదారుకు 49,000 రూపాయలు మిగులు. ట్రాక్టరు టైర్లు, ట్యూబులపై పన్ను కూడా 18 నుంచి 5 శాతానికి దిగింది.

అయితే ఈ మిగులును చూసి తొందరపడి బేరం కుదుర్చుకోవడం వివేకం కాదు. మైదానంలో చదునైన యార్డులో పనిచేసే యంత్రం వేరు, సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, ఎర్రమట్టి వాలు మీద పనిచేసే యంత్రం వేరు. కరపత్రంలో రెండూ ఒకే బొమ్మగా కనిపిస్తాయి. ఏ హంగుకు డబ్బు పెట్టాలి, ఏ హంగును వదులుకోవచ్చు అన్నది పనిని బట్టి, నేలను బట్టి తేలవలసిన విషయం. కొన్ని హంగులు లేకపోయినా వ్యాపారం నడుస్తుంది. కొన్ని లేకపోతే మనిషి ప్రాణానికే ముప్పు.

ముందు తేలవలసింది సరుకు

అరకు, పాడేరు, హుకుంపేట, డుంబ్రిగుడ, చింతపల్లి ప్రాంతాల నుంచి దిగే సరుకు ప్రసిద్ధమైనదే: కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మా, చింతపండు, పిప్పళ్లు, వలిసెలు, అడ్డాకులు, కొండచీపుళ్లు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొన్నా, వారపు సంతల్లో ప్రైవేటు వర్తకులు కొన్నా, ఈ సరుకు కాటా మీదికి ఎక్కేది బస్తాలలోనో, కట్టలలోనో. బస్తాను బకెట్టు తవ్వి ఎత్తలేదు. బస్తాల వర్తకం మాత్రమే చేసే వ్యాపారి బకెట్టు లోడరు కొంటే, ఆ యంత్రం పక్కన నిలబడి ఉండగా లారీకి బస్తాలు మోసేది మళ్లీ కళాసీలే.

బస్తాలను యంత్రంతో ఎత్తాలంటే బకెట్టు తీసి ఫోర్కులు తగిలించాలి. సరుకును ముందే చెక్క పాలెట్ల మీద పేర్చి ఉంచాలి. దానికి గట్టి నేల ఉన్న గోదాము, వెడల్పు తలుపు కావాలి. లారీ కూడా పక్క తలుపులు దిగేదై ఉండాలి. ఇవేవీ లేనిచోట ఫోర్కుల ఖర్చు కూడా దండుగ.

లోడరుకు సహజమైన పని విడి సరుకుతోనే. ఇసుక, కంకర, గ్రావెల్, మట్టి, పశువుల ఎరువు, పల్పింగ్ తరువాత మిగిలే కాఫీ పండు తొక్క మొదలైనవి ఈ కోవలోకి వస్తాయి. పర్యాటకం పెరిగి కట్టడాలు లేస్తున్న అరకులో గృహ నిర్మాణ సామగ్రి యార్డు నడిపేవారికి, ఎరువు కుప్పలు తిరగవేయవలసిన కాఫీ రైతు సంఘాలకు, రోడ్డు పనుల చిల్లర కాంట్రాక్టర్లకు దీని అవసరం ఎక్కువ. కనుక షోరూము మెట్లు ఎక్కకముందే వర్తకుడు తన ఖాతా పుస్తకం తెరిచి, ఏడాదిలో ఎన్ని టన్నుల విడి సరుకు తన చేతుల మీదుగా పోతున్నదో ఒక కాగితం మీద వేసుకోవాలి. ఆ అంకె చిన్నదైతే మిగతా వ్యాసం చదివినా, బేరం మాత్రం అక్కడితో ఆపవచ్చు.

హార్స్‌పవర్ అంకె వెనుక

డీలరు మొదట చెప్పేది హార్స్‌పవర్. ఆ అంకె ఇంజనుది. వెనుక పి.టి.ఓ. షాఫ్టు వద్ద దక్కే శక్తి అంతకు పదో వంతుకు పైగా తక్కువ ఉండడం మామూలు. కొండ మీద మరొక కోత కూడా ఉన్నది. ఎత్తుకు పోయిన కొద్దీ గాలి పలచబడుతుంది కనుక, టర్బో లేని ఇంజను ప్రతి 300 మీటర్లకు ఇంచుమించు 3 శాతం శక్తి కోల్పోతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆ ప్రకారం అరకులో కోత 9 శాతం. కరపత్రంలో 45 హార్స్‌పవర్ అన్న ఇంజను ఇక్కడ ఇచ్చేది 41 మాత్రమే. టర్బో ఉన్న ఇంజనుకు ఈ నష్టం తక్కువ. మైదానంలో నడిపి చూసి తృప్తిపడిన యంత్రం ఘాట్ ఎక్కిన తరువాత నీరసంగా తోచడానికి కారణం ఇదే. ఇందులో డీలరు మోసం ఏమీ లేదు.

అలాగని పెద్ద ఇంజను వైపు ఎగబడనక్కరలేదు. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్ నాలుగవ దశ కాలుష్య నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఆ గీత దాటిన ఇంజన్లలో ఎలక్ట్రానిక్ ఇంధన సరఫరా, పొగ శుద్ధి పరికరాలు వచ్చి చేరాయి; ధర కూడా ఆ మేరకు పెరిగింది. గీతకు ఒక మెట్టు కింద 49 హార్స్‌పవర్ పేర అమ్ముడయ్యే మోడళ్లు ఎక్కువగా కనిపించడం వెనుక ఉన్న సంగతి ఇదే. మామూలు ఇంధన పంపు ఉన్న ఇంజనును కొండ మీది మెకానిక్కు రెంచీలతో విప్పి సరిచేయగలడు. ఎలక్ట్రానిక్ ఇంజను మొరాయిస్తే కంపెనీ మనిషి కంప్యూటరుతో ఘాట్ ఎక్కి రావాలి. లోడరు పనికి 45 నుంచి 50 లోపు శక్తి చాలినప్పుడు, ఆ గీత దాటడానికి బలమైన కారణం చూపగలిగినవారే దాటాలి.

ఏ మోడల్ అయినా మధ్యప్రదేశ్‌లోని బుద్ని వద్ద ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ నివేదికను అడిగి చూడడం మంచిది. 1955లో ఏర్పడిన ఈ సంస్థ ట్రాక్టరును పరీక్షించి పి.టి.ఓ. శక్తి, ఇంధన వినియోగం, ఎత్తగల బరువు, బ్రేకుల పనితీరు అంకెలలో ఇస్తుంది. సినిమా పోస్టరు వంటి కరపత్రం కంటే ఆ పొడి అంకెలే వర్తకునికి ఉపయోగం.

ఎత్తు ఎంత, బరువు ఎంత

లోడరు కరపత్రాలలో రెండు చోట్ల కొనుగోలుదారు జాగ్రత్త పడాలి. మొదటిది ఎత్తు. 3 మీటర్ల ఎత్తు అని రాసినప్పుడు అది సాధారణంగా బకెట్టు తగిలించిన పిన్ను ఎత్తు. సరుకు దింపేందుకు బకెట్టును 45 డిగ్రీలు వంచగానే దాని పెదవి కిందికి దిగుతుంది. పిన్ను నుంచి పెదవి వరకు 80 సెంటీమీటర్లు ఉన్న బకెట్టుకు ఆ తగ్గుదల సుమారు 57 సెంటీమీటర్లు. మిగిలేది 2.4 మీటర్లు. తాను నింపే లారీ పక్క పలకల ఎత్తును నేల నుంచి టేపు పెట్టి కొలిచి, ఆ అంకె జేబులో పెట్టుకుని డీలరు వద్దకు వెళ్లాలి. పెదవి ఆ పలకలను దాటకపోతే ఎన్ని హంగులున్నా ఆ లోడరు పనికిరాదు.

రెండవది బరువు. 1,000 కిలోలు ఎత్తుతుందని రాసినప్పుడు, పిన్ను వద్దనా, దానికి ముందు అర మీటరు దూరంలోనా, నేల మీదనా, పూర్తి ఎత్తులోనా అని అడగాలి. బరువు ముందుకు జరిగిన కొద్దీ, పైకి లేచిన కొద్దీ శక్తి తగ్గుతుంది. ఫోర్కుల సొంత బరువు కూడా అందులోనుంచే పోతుంది. ఫోర్కులు 150 కిలోలనుకుంటే, పూర్తి ఎత్తులో 800 కిలోలు ఎత్తే లోడరు మీద పెట్టదగిన సరుకు 650 కిలోలు. పాలెట్టు బరువు పోను 50 కిలోల బస్తాలు పన్నెండు. ఇక బకెట్టు సంగతి. కంకర ఘనపు మీటరుకు సుమారు 1.6 టన్నులు తూగుతుంది. 0.4 ఘనపు మీటరు బకెట్టు నిండితే 640 కిలోలు. తేలిక ఎరువు కోసం పెద్ద బకెట్టు తగిలించి, దానితోనే తడి ఇసుక కుప్పగా ఎత్తడం మొదలుపెడితే ముందు ఇరుసు, సిలిండర్లు ఏడాది తిరగకముందే మరమ్మతుకు వస్తాయి. రెండు రకాల సరుకూ ఉన్నవారు రెండు బకెట్లు కొనడమే చౌక.

వాలు మీద బరువు

కొండ ప్రాంతపు కొనుగోలుదారు అన్నింటికంటె ఎక్కువ నిదానించవలసిన చోటు ఇది. ముందు బకెట్టులో 800 కిలోల బరువు, ముందు చక్రాలకు ఒక మీటరు ముందుగా వేలాడుతున్నదనుకుందాం. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2 మీటర్లు. త్రాసు సూత్రం ప్రకారం ముందు చక్రాల మీద 1,200 కిలోలు అదనంగా పడుతుంది. వెనుక చక్రాల మీద నుంచి 400 కిలోలు లేచిపోతుంది. మామూలు ట్రాక్టరులో ఇంజను శక్తి పోయేది వెనుక చక్రాలకే. బ్రేకులు పట్టేదీ వెనుక చక్రాలనే. అంటే, బరువు ఎత్తిన మరుక్షణం లాగే బలం, ఆపే బలం రెండూ తగ్గుతాయి. చదును నేల మీద చక్రం తిరిగి జారడంతో పోతుంది. వాలు దిగుతూ ఉండగా ఇదే జరిగితే ట్రాక్టరు ఆగదు. బకెట్టు పైకెత్తి ఉంటే పక్కకు ఒరుగుతుంది.

దీనికి మందులు మూడు. మొదటిది అన్నిటికంటె చౌక: వెనుక మూడు పాయింట్ల లింకుకు తగిలించే కాంక్రీటు దిమ్మ. 400 కిలోల దిమ్మ వెనుక ఇరుసుకు ఒక మీటరు వెనుకగా ఉంటే, ముందు చక్రాల మీద 200 కిలోల భారం తగ్గి, వెనుక చక్రాల మీద 600 కిలోలు పెరుగుతుంది. ఇనుప చట్రం, సిమెంటు, రాళ్లతో స్థానికంగానే పోయించుకోవచ్చు. కరపత్రంలో దీని బొమ్మ ఉండదు కనుక చాలామంది దీనిని తలచరు. లోడరు ధర అడిగేటప్పుడే వెనుక బరువు కలిపి అడగాలి.

రెండవది ఫోర్ వీల్ డ్రైవ్. ముందు చక్రాలు కూడా ఇంజనుకు ముడిపడినప్పుడు, బరువు ఎక్కువ పడిన చోటే లాగుడు కూడా ఉంటుంది. డ్రైవ్ కలిపి ఉన్నంతసేపు ముందు చక్రాలు కూడా ఆపుదలలో పాలు పంచుకుంటాయి. దీనికి తోడు ఫోర్ వీల్ మోడళ్ల ముందు ఇరుసు గట్టిది. తడి ఎర్రమట్టి మీద వానాకాలం పని ఉన్నవారు దీనిని హంగుగా లెక్కించరాదు. నూనెలో మునిగి ఉండే బ్రేకులు, పవర్ స్టీరింగు కూడా ఈ తరగతిలోనివే. ముందు 1,200 కిలోలు అదనంగా పడిన చక్రాలను చేతి బలంతో తిప్పుతూ రోజంతా పనిచేయడం ఏ డ్రైవరుకూ సాధ్యం కాదు.

మూడవది డబ్బు ఖర్చు లేనిది. బరువుతో వాలు ఎక్కేటప్పుడు ముందుకు నడపాలి, దిగేటప్పుడు రివర్సులో దిగాలి. బరువు ఎప్పుడూ కొండ ఎగువ వైపు ఉండాలి. బకెట్టు నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి. వాలుకు అడ్డంగా తిప్పరాదు. యంత్రం కొన్నవాడు డ్రైవరుకు మొదటి రోజున చెప్పవలసిన మాట ఇది. మనుషులను బకెట్టులో నిలబెట్టి ఎత్తడం ఏ పరిస్థితిలోనూ కూడదు.

డబ్బు మిగుల్చుకోదగిన చోట్లు

పెద్ద హైడ్రాలిక్ పంపు ఉన్న మోడల్‌కు అదనపు ధర అడుగుతారు. లోడరు రెండు సిలిండర్లకు 4 లీటర్ల నూనె పడుతుందనుకుంటే, నిమిషానికి 20 లీటర్ల పంపు వాటిని 12 సెకన్లలో నింపుతుంది. 40 లీటర్ల పంపు 6 సెకన్లలో. పది టన్నుల లారీకి 640 కిలోల బకెట్లు పదహారు. లారీకి మిగిలేది ఒకటిన్నర నిమిషం. రోజుకు రెండు లారీలు నింపే యార్డుకు మూడు నిమిషాల కోసం వేలు పెట్టడం అనవసరం. రోజుకు ఇరవై లారీలు నింపే క్వారీకి సంగతి వేరు. అయితే స్టీరింగుకు విడి పంపు ఉన్నదీ లేనిదీ మాత్రం చూసుకోవాలి. రెండింటికీ ఒకటే పంపు అయితే, బకెట్టు లేస్తున్నప్పుడు స్టీరింగు బిగుసుకుపోయే అవకాశం ఉన్నది.

ఏ.సి. క్యాబిన్, రంగురంగుల మీటరు బోర్డు, రోడ్డు మీద అతివేగపు గేర్లు కూడా వదులుకోదగినవే. వాటికి బదులు, నెమ్మదిగా కదిలే గేరు ఉన్నదా, ముందుకు వెనుకకు తేలికగా మార్చే షటిల్ లీవరు ఉన్నదా అని చూడాలి. లోడరు డ్రైవరు గంటకు వందసార్లు ముందుకూ వెనుకకూ మారుతాడు. ఆ మార్పులన్నీ పడేది క్లచ్చు మీద.

డబ్బు మిగుల్చుకోకూడని చోటు ఒకటి ఉన్నది. స్థానిక వర్క్‌షాపులో వెల్డింగు చేసి బిగించే లోడర్లు కంపెనీ లోడరు కంటే బాగా చౌకగా దొరుకుతాయి. వాటిలో అన్నీ చెడ్డవి కావు. చూడవలసినది చట్రం. లోడరు భారాన్ని మోసే చట్రం ఇంజను పక్కలకు మాత్రమే బిగించి ఆపితే, బరువంతా ఇంజనుకు గేరుబాక్సుకు మధ్యనున్న క్లచ్చు హౌసింగు మీద పడి అక్కడ పగులు వస్తుంది. చట్రం వెనుక ఇరుసు వరకు సాగి ఉండాలి. ట్రాక్టరు బాడీకి కొత్త రంధ్రాలు వేస్తే గ్యారంటీ పోయే ప్రమాదం ఉన్నది కనుక, డీలరు నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. లోడరు సులువుగా విప్పి పక్కన పెట్టేదైతే మరీ మంచిది. పని లేని నెలల్లో అదే ట్రాక్టరు వెనుక ట్రక్కు తగిలించి సరుకు లాగవచ్చు. ముందు టైర్లు కూడా ఎక్కువ కాలం వస్తాయి.

గంటల లెక్క

కొనడమా, కిరాయికి తెచ్చుకోవడమా అన్నది గంటలే తేల్చుతాయి. కింది అంకెలు ఉదాహరణకు వేసినవి. ఎవరి అంకెలు వారు వేసుకోవాలి. ట్రాక్టరు, లోడరు, వెనుక బరువు, రిజిస్ట్రేషను అన్నీ కలిపి 11 లక్షల రూపాయలు. ఎనిమిదేళ్ల తరువాత అమ్మితే 4 లక్షలు వస్తుందనుకుంటే ఏటా తరుగు 87,500. సగటు పెట్టుబడి 7.5 లక్షల మీద 11 శాతం వడ్డీ 82,500. బీమా, షెడ్డు వగైరా 30,000. యంత్రం కదిలినా కదలకపోయినా ఏటా పడే ఖర్చు 2 లక్షల రూపాయలు.

నడిచిన గంటకు డీజిలు 4 లీటర్లు, లీటరు 100 రూపాయల వంతున 400, డ్రైవరుకు 150, నూనెలు, టైర్లు, మరమ్మతులకు 150. వెరసి 700. అటువంటి యంత్రం కిరాయికి గంటకు 1,200 రూపాయలకు దొరుకుతుందనుకుంటే, సొంత యంత్రం మీద గంటకు మిగిలేది 500. రెండు లక్షలను 500తో భాగిస్తే 400 గంటలు. ఏడాదికి 400 గంటల పని లేనివాడు కొనరాదు. 300 గంటలే నడిపితే గంట ఖర్చు 1,367 రూపాయలు. 600 నడిపితే 1,033. వెయ్యి గంటలు నడిపితే 900.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. కొండ మీద నమ్మకమైన డ్రైవరును గంటల లెక్కన ఉంచుకోవడం కష్టం. నెలకు 12,000 జీతం ఇచ్చి ఉంచుకుంటే ఏటా 1,44,000 స్థిర ఖర్చులోకి పోతుంది. అప్పుడు లాభనష్టాలు సమానమయ్యే గీత 529 గంటలకు జరుగుతుంది. డ్రైవరును మరచి వేసిన లెక్క లెక్క కాదు.

ఇదే లెక్కతో హంగుల ధరను కూడా తూచవచ్చు. పై ఉదాహరణలో తరుగు, వడ్డీ కలిపి ఏటా 1,70,000. అంటే ధరలో ప్రతి లక్షకు ఏటా సుమారు 15,500 రూపాయలు. ఫోర్ వీల్ డ్రైవ్‌కు 1,20,000 ఎక్కువ అడిగారనుకుందాం. ఏటా 18,500, 400 గంటలకు పంచితే గంటకు సుమారు 46 రూపాయలు. వాలు మీద మనిషిని, యంత్రాన్ని కాపాడే ఏర్పాటుకు ఇది అర లీటరు డీజిలు ఖరీదు కంటే తక్కువ.

చౌక బేరం ఖరీదు

ఒక డీలరు 50,000 తగ్గిస్తానంటాడు. అతని విడిభాగాలు రావాలంటే నాలుగు రోజులు. మరొకడు తగ్గించడు, అతని మెకానిక్కు మరునాడు ఘాట్ ఎక్కి వస్తాడు. పై లెక్క ప్రకారం 50,000 తగ్గింపు విలువ ఏటా సుమారు 7,700 రూపాయలు. రోజుకు నాలుగు గంటలు పనిచేసే యంత్రం ఆగితే, కిరాయి యంత్రానికి రోజుకు 4,800. రెండు రోజులకు 9,600. ఏడాదిలో రెండే రెండు రోజులు అదనంగా నిలిచిపోతే తగ్గింపు అంతా కరిగి ఇంకా కొంత చేతి నుంచి పోతుంది. ఆగిన లారీకి ఇచ్చే డిటెన్షను ఇందులో కలపలేదు.

కాఫీ పండు కోత ముమ్మరంగా సాగే డిసెంబరు, జనవరి నెలల్లోనే పర్యాటకుల రద్దీ, కట్టడాల పని కూడా జోరుగా ఉంటాయి. కిరాయి యంత్రం అప్పుడు అడిగిన వెంటనే దొరకదు. పెద్ద డీలర్లు, విడిభాగాల నిలువలు విశాఖపట్నం, అనకాపల్లి, విజయనగరం వంటి మైదానపు పట్టణాలలో ఉండగా, మధ్యలో ఉన్నది ఘాట్ రోడ్డు. కనుక బేరం ఆడవలసింది ధర మీద మాత్రమే కాదు. మొదటి రెండేళ్లు యార్డుకే వచ్చి సర్వీసు చేస్తారా, హైడ్రాలిక్ గొట్టాలు, సీళ్లు, ఫిల్టర్లు ఒక సెట్టు యంత్రంతో పాటు ఇస్తారా అన్నది కొటేషన్ మీద రాయించుకోవాలి. లోడరును ఎక్కువసార్లు ఆపేది చిరిగిన గొట్టం, కారుతున్న సీలు వంటి చిన్న సరంజామాయే.

అప్పు, కాగితాలు

ఫైనాన్సు కంపెనీ 8 శాతం ఫ్లాట్ వడ్డీ అన్నప్పుడు బ్యాంకు 11 శాతం కంటే చౌక అని భ్రమపడరాదు. 8 లక్షల అప్పుకు ఐదేళ్లకు ఫ్లాట్ వడ్డీ 3,20,000. నెల వాయిదా 18,667. తగ్గుతున్న నిలువ మీద లెక్కిస్తే ఇది సుమారు 14 శాతం. కాఫీ, పసుపు సొమ్ము చేతికందే నెలలను బట్టి వాయిదాలు అడగడం కూడా లాభదాయకం.

జి.ఎస్.టి. నమోదు ఉన్న వర్తకుడు పన్ను వర్తించే వ్యాపారానికి యంత్రం వాడితే, కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా రాబట్టుకునే వీలున్నది. పన్ను లేని సరుకులకు వాడిన మేరకు అది రాదు. బిల్లు ఎవరి పేర రాయించాలన్నది ఆడిటరును అడిగి, డెలివరీకి ముందే నిర్ణయించుకోవాలి.

కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989 వ్యవసాయ ట్రాక్టరును రవాణా వాహనంగా లెక్కించవు. వ్యవసాయం పేర రిజిస్టరు చేసి, బీమా చేసి, ఇసుక కిరాయికి నడిపితే ప్రమాదం జరిగిననాడు బీమా కంపెనీ మొండికేసే అవకాశం ఉన్నది. వాడకం ఏదో అదే కాగితం మీద ఉండాలి; ప్రీమియం కొంత పెరిగినా సరే.

ఒడిశా నుంచి పాత యంత్రం తెచ్చుకునేవారు ఫారం 28 కింద అభ్యంతరం లేదన్న పత్రం, ఫైనాన్సు తీరినట్లు ఫారం 35 చేతికి వచ్చాకనే పూర్తి సొమ్ము ఇవ్వాలి. యంత్రం పరీక్ష తేలిక. నిండు బకెట్టును పైకెత్తి ఇంజను ఆపి పది నిమిషాలు చూడాలి. కిందికి గట్టిగా దిగుతున్నదంటే సిలిండరో, వాల్వో పోయిందని అర్థం. ఆ పది నిమిషాలూ బకెట్టు కింద ఎవరూ ఉండకూడదు. ముందు ఇరుసు పిన్ను ఆడుతున్నదేమో, క్లచ్చు హౌసింగు మీద వెల్డింగు మచ్చ ఉన్నదేమో కూడా చూడాలి.

యార్డు సంగతి చివరిదైనా చిన్నది కాదు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, 1970లో వచ్చిన 1/70 సవరణ ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. ఈ చట్టంలో బదిలీ అంటే అమ్మకమే కాదు, లీజు కూడా. కాళ్ల కింది నేలకు హక్కు లేని యార్డును నమ్ముకుని పదకొండు లక్షల యంత్రం దింపడం సాహసమే అవుతుంది. గిరిజన వర్తకులకు, గిరిజన రైతు సంఘాలకు ఈ చిక్కు లేదు. ముగ్గురు నలుగురు కలిసి ఒక యంత్రం కొంటే, విడివిడిగా ఎవరికీ అందని 400 గంటల గీత కలిసికట్టుగా అందవచ్చు.

చివరకు తేలేది

బస్తాల వర్తకం మాత్రమే ఉన్నవారికి ఈ యంత్రం అవసరం కనిపించదు. కళాసీల కూలి, అవసరమైననాడు కిరాయి యంత్రం చాలు. ఏడాదికి 400 గంటల విడి సరుకు పని, నెల జీతపు డ్రైవరైతే 529 గంటల పని ఉన్నవారు కొనవచ్చు. కొనేటప్పుడు 50 హార్స్‌పవర్ లోపు ఇంజను, ఫోర్ వీల్ డ్రైవ్, నూనె బ్రేకులు, పవర్ స్టీరింగు, వెనుక ఇరుసు వరకు సాగిన చట్రం, వెనుక దిమ్మ, యార్డుకు వచ్చే సర్వీసు: ఈ ఏడింటిని వదలకుండా, మిగతా హంగుల మీద ఎంత బేరమైనా ఆడవచ్చు. సంతలో కాటా ముల్లు నిలిచాకనే సరుకు దించే వర్తకుడు, యంత్రం విషయంలోనూ ముల్లు నిలిచేదాకా ఆగడం మంచిది.